వరుస మారదని రాసిన పేజీ

మీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు చాలామంది డాక్యుమెంటేషన్, అంటే దేన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం, చదవరని నాకు తెలుసు. తప్పొచ్చిన ముక్కను కాపీ చేసి ఎక్కడో అడుగుతారు, ఎవరో చెప్పింది తెచ్చి అతికిస్తారు, పని జరిగితే అదే పదివేలు. నేను అలా కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ప్రతి పేజీ చదివాను. ఆఫీసులో వెనకాల నన్ను "పుస్తకం మేడమ్" అనేవారు. ఎవరైనా సందేహం అంటూ నా బల్ల దగ్గరికొస్తే తలెత్తకుండానే "పుస్తకం చూశావా?" అనేదాన్ని. మంచి అలవాటే. ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ ఒక దాళ్వాలో, అంటే మా గోదావరి వైపు రెండో పంట కాలంలో, ఆ అలవాటే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే సర్దుకునేదాన్ని. ఇంకొకావిడ చేను సగం ఎండిపోయింది.

అమలాపురంలో మా ఆఫీసు ఒక మందుల కొట్టు పైన మేడ మీద ఉండేది. ఆరుగురం ఉండేవాళ్ళం. రైసు మిల్లులకీ, సహకార సంఘాలకీ, స్కూళ్ళకీ చిన్న చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్ళం. మా యజమాని గారు ఎవరినీ కాదనలేని మనిషి. ఎవరేం అడిగినా "అలాగేనండీ, తప్పకుండానండీ" అని వచ్చేసి, ఆ అలాగేని మా నెత్తిన పెట్టేవారు. టెస్టింగు చూసే ఆయనది రాజోలు వైపు. వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు మాత్రం ఏ విషయమూ చేసి చూస్తే తప్ప ఒప్పుకోడు. "బైబిలు ఒక్కటేనండీ నేను పరీక్ష పెట్టకుండా నమ్మింది" అనేవాడు నవ్వుతూ. నాకూ అతనికీ రోజూ చిన్న యుద్ధం. నేను పుస్తకంలో ఉందంటాను, అతను చేసి చూద్దామండీ అంటాడు.

కొత్తపేట వైపు ఒక పంట కాలువ మీది నీటి సంఘం వాళ్ళ పని అలాగే మా యజమాని గారి "అలాగేనండీ" ద్వారా వచ్చింది. గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏడాది దాళ్వా వరికి వంతులు పెడతారు. ఫలానా రోజుల్లో ఫలానా తూము తెరుస్తారు. ఆ తూము కింద ఎవరి తర్వాత ఎవరు చేలోకి నీళ్ళు తిప్పుకోవాలో ఒక పట్టీ ఉంటుంది. అంతకు ముందు ఆ పట్టీ లస్కరు చేతిరాత. లస్కరంటే తూముల తలుపులు ఎత్తి దించే ఆయన. అరవై దగ్గర పడ్డ మనిషి, సన్నగా కాలువ గట్టు మీద వెదురు కర్రలా ఉండేవాడు. ఆయన దగ్గర ఒక పొడుగు పుస్తకం. అందులో మూడు వందల చిల్లర పేర్లు, ఒక్కో పేరు పక్కన తూము నంబరు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తూము వారీగా పట్టీలు అచ్చు వేసి ఇవ్వడం మా పని.

పుస్తకం నా చేతికిస్తూ ఆయన, "జాగ్రత్తండీ అమ్మా. నా నడకంతా అందులో ఉందండీ" అన్నాడు.

పెద్దాయన మమకారం కొద్దీ అంటున్నాడనుకున్నాను. అలాగేనని సంచిలో పెట్టుకున్నాను.

పేర్లు ఎక్కించేటప్పుడు చూస్తే తూము నంబర్లు కలగాపులగంగా ఉన్నాయి. ఏడు, ఆరు, మళ్ళీ ఏడు, ఐదు, ఏడు. ఒకే తూము వాళ్ళంతా ఒక చోట లేరు. అయితే ఏ తూము పేర్లు ఆ తూముకి విడదీసి చూసుకుంటే, పుస్తకంలో ఎవరి పేరు ముందొస్తే వాళ్ళకే ముందు వంతు. అది ఖాయం అని సంఘం వాళ్ళు చెప్పారు. ఎందుకలా అని నేను అడగలేదు. ఎందుకు అనేది నా పుస్తకంలో ఉండే ప్రశ్న కాదు.

ఇక్కడ కొంచెం పనికి సంబంధించిన మాట చెప్పాలి, ఓపిక పట్టండి. పోస్ట్‌మన్ ఉత్తరాలను వీధుల వారీగా సర్దుకుంటాడు. ఒకే వీధికి వచ్చిన నాలుగు ఉత్తరాలు మొదట ఏ వరుసలో ఉన్నాయో, సర్దాక కూడా ఆ వరుసలోనే ఉంటే అదొక రకం సర్దుడు. వీధి వరకూ సరిగ్గా పడి, వీధిలోపల ఉత్తరాలు తారుమారైతే అదింకో రకం. రెండూ తప్పు కాదు. మనం చేసేది ఏ రకమో ముందే చెప్పాలి, అంతే. మేం వాడే ప్రోగ్రామింగ్ భాషతో పాటు ఇలాంటి పనులు చేసిపెట్టే ముక్కల సంచీ ఒకటి వస్తుంది, స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. సర్దే ముక్క అందులోనే ఉంది. దాని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా, ఏ నక్షత్రం గుర్తూ ఏ కింది గమనికా లేకుండా, సమానమైన వాటి మధ్య మొదటి వరుస మారదు అని ఉంది. భాష పేరు చెప్పను. ఇప్పటికీ దానితో అన్నం తింటున్నవాళ్ళున్నారు.

మా టెస్టింగు ఆయన అడిగాడు. అడగలేదని నేను ఎప్పుడూ అనను.

"మేడమ్ గారూ, ప్రతి పేరుకీ వరుస నంబరు ఒకటి పెట్టేద్దామండీ. పుస్తకంలో ఎన్నో పేరో ఆ నంబరు. సర్దేటప్పుడు తూము నంబరు, దాని తర్వాత ఈ నంబరు చూడమందాం."

"ఎందుకు? వరుస మారదని రాసుంది కదా."

"రాసుందండీ. కాని పెడితే పోయేదేం లేదు కదండీ."

"రాసుండగా మళ్ళీ పెట్టడమంటే రాసినవాళ్ళను నమ్మకపోవడం" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళను నమ్మకపోతే ఏం మునిగింది? వాళ్ళేమైనా మా మేనమామలా?

అతను "ఆయ్" అని వెళ్ళిపోయాడు. గోదావరి మనిషి ఆయ్ అన్నాడంటే మీ మాట విన్నాడని అర్థం, ఒప్పుకున్నాడని కాదు. వెళ్ళి ఆలమూరు వైపు ఒక చిన్న కాలువ పేర్లు పన్నెండు తీసుకుని పరీక్ష చేశాడు. వరుస చెక్కు చెదరలేదు. "చూశావా?" అన్నాను. అతను మళ్ళీ ఆయ్ అన్నాడు.

ప్రోగ్రాముతో పాటు వాడేవాళ్ళకు తెలుగులో ఒక పుస్తకం రాసి ఇచ్చాను, పద్నాలుగు పేజీలు. నా ఉద్యోగంలో నేను గర్వపడ్డ పనుల్లో అదొకటి. మిగతా కంపెనీలు ఇంగ్లీషులో పడేసి పోతాయి, నేను రైతుకు అర్థమయ్యేలా రాశానని అందరికీ చెప్పుకున్నాను. తొమ్మిదో పేజీలో ఇలా రాశాను: "పాత పుస్తకంలోని వరుస ఎట్టి పరిస్థితిలోనూ మారదు." లైబ్రరీ వాళ్ళు మారదని మాత్రమే అన్నారు. ఎట్టి పరిస్థితిలోనూ అనేది నా చలవ. కింద సంతకం కూడా పెట్టాను.

లస్కరు గారి పొడుగు పుస్తకం నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పని పూర్తయ్యాక తిరిగి ఇద్దామనుకుని మరిచిపోయాను. భద్రంగా ఉంది కదా అనుకున్నాను.

మార్చి నెలలో ఒక పొద్దున్న, మేం ఇంకా ఫ్యాన్లు వేసుకుని కూర్చోకముందే, ఒకావిడ మేడ మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కువైట్‌లో కొన్నేళ్ళు ఒకరింట్లో వంట చేసి తిరిగొచ్చి, ఊళ్ళో రెండెకరాలు కౌలుకు తీసుకుని దాళ్వా వేసుకున్న మనిషి. చేతిలో మా పట్టీ, చినగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

"అమ్మగారూ, ఈ పట్టీ ఇక్కడే తయారవుద్దంటగదండీ?"

"అవునమ్మా, ఏమైంది?"

"ఏడో తూము కింద చిట్టచివరి చేనండీ నాది. వంతులో నా పేరు ఎప్పుడూ మొదలుండేదండీ. ఇందులో అడుక్కి పోయిందండీ. నా వంతొచ్చేసరికి కాలవలో మట్టం పడిపోతందండీ, నీళ్ళు నా గట్టు దాకా రాటం లేదు. రెండు వంతులు పోయినయ్యండీ. చేను పొట్ట మీదుంది, వెన్ను ఇంకా బయటికి రాలేదండీ. రేపటి వంతు కూడా పోతే ఇంక కోసేది తాలేనండీ, గింజుండదు."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనింకొంచెం మెత్తగా మాట్లాడేదాన్నేమో.

"అలా జరగదమ్మా. పాత పుస్తకంలో ఎలా ఉందో అలాగే వస్తుంది. వరుస మారదు."

"ఆయ్. సంఘంలో ప్రెసిడెంటు గారూ అదే అన్నేరండీ. మీరు రాసిన కాగితవే చూపించేరు. ఎట్టి పరిస్థితిలోనూ అని చదివి వినిపించేరండీ. లస్కరు గారు కాదండీ ఈవిడది ముందండీ అన్నేరు. నీ పుస్తకవేదీ, చూపించు అన్నేరు. పుస్తకం మీ దగ్గరుందంటగదండీ."

నేను నోరు తెరిచేలోపే టెస్టింగు ఆయన లేచాడు. నా బల్ల సొరుగులోంచి తాళం చెవి తీసుకుని, బీరువా తెరిచి, పొడుగు పుస్తకం తెచ్చి పట్టీ పక్కన పెట్టాడు. అంతకు ముందు నన్ను అడగకుండా నా సొరుగు ముట్టుకున్న మనిషి కాదు. పుస్తకంలో ఏడో తూము పేర్లలో ఆవిడదే మొదటిది. పట్టీలో ఇరవై మూడు పేర్లలో ఇరవై ఒకటోది.

ఎక్కించేటప్పుడు తప్పు జరిగిందేమోనని చూశాం. లేదు, పుస్తకంలో ఉన్నట్టే ఎక్కించాం. నా ప్రోగ్రాములో తప్పేమోనని వరుసకు వరుస చదివాను. టీలొచ్చాయి, చల్లారాయి. మాకెదురుగా కుర్చీలో ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వస్తోంది. పదకొండు దాటాక టెస్టింగు ఆయన మెల్లిగా అన్నాడు.

"ఆ సర్దే ముక్కనే విడిగా ఒకసారి చూద్దామండీ."

"దాన్ని చూసేదేముంది? అది లైబ్రరీది."

"చూద్దామండీ."

పది లైన్లు రాశాం. పన్నెండు పేర్లిచ్చాం, వరుస చక్కగా ఉంది. మూడు వందల పేర్లిచ్చాం. తూములు సరిగ్గా పడ్డాయి, తూము లోపల పేర్లు మాత్రం ఎవరో కలిపి పోసినట్టున్నాయి. మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. అసలు సంగతి తర్వాత తెలిసింది. కొద్ది పేర్లుంటే ఆ ముక్క ఒక పద్ధతిలో సర్దుతుంది, అప్పుడు వరుస నిలుస్తుంది. ఎక్కువుంటే ఇంకో పద్ధతి. ఎప్పుడో ఎవరో వేగం కోసమని ఆ రెండో పద్ధతి పెట్టి, డాక్యుమెంటేషన్‌లో పాత వాక్యం అలాగే వదిలేశారు. ఒక్క వాక్యం. కొట్టేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ పేజీ తెరిచి మళ్ళీ చదివాను, పైకే చదివాను. అందులో మార్పేమీ లేదు. వరుస మారదు అనే ఉంది. నా తెర మీద ఒక పక్క ఆ వాక్యం, ఇంకో పక్క తారుమారైన పేర్లు. జీవితంలో అంత ఒళ్ళు మండిన సందర్భం నాకు ఇంకోటి లేదు, మా ఆడపడుచు పెళ్ళితో సహా.

"దొరికిందాండీ?" అంది ఆవిడ.

"దొరికిందమ్మా."

"తప్పెవరిదండీ?"

"ఈ పుస్తకం రాసినవాళ్ళది" అని తెర చూపించాను.

ఆవిడ లేచొచ్చి ఆ ఇంగ్లీషు పేజీని కాసేపు చూసింది. "వాళ్ళెక్కడుంటారండీ?"

"తెలీదమ్మా. ఎక్కడెక్కడో ఉంటారు."

"మరి నీళ్ళెవరిస్తారండీ?"

 టెస్టింగు ఆయన అప్పటికే ప్రతి పేరుకీ వరుస నంబరు పెడుతున్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త పట్టీ అచ్చు తీశాడు. ఆవిడ పేరు మొదట ఉంది.

మధ్యాహ్నం యజమాని గారి కారులో ఆయన, నేను, టెస్టింగు ఆయన, ఆవిడ, నలుగురం బయల్దేరాం. లస్కరు గారి పుస్తకం నా ఒళ్ళో ఉంది. దారిలో యజమాని గారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అన్నారు.

"మేడమ్ గారూ, ఒక్క మాటండీ. తప్పు జరిగిందని కాగితం మీద పెట్టకండి. నోటితో చెప్పేద్దాం. కాగితం ఉండిపోద్దండీ, మనకి పాతిక సంఘాలున్నాయి."

నేను సరేనన్నాను. అందులో నాకేమీ తప్పనిపించలేదు, పైగా హాయిగా అనిపించింది. నా పేరుతో తప్పు అని రాయాల్సిన అవసరం తప్పింది కదా.

సంఘం ఆఫీసులో ప్రెసిడెంటు గారు, కాలువ మొదట్లో చేలున్న ఐదారుగురు రైతులు ఉన్నారు. కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చారు. మర్యాదకేం లోటు లేదు, మాటలే గుచ్చుకుంటాయి.

"మేడమ్ గారూ, మీరు పెద్ద చదువులు చదివేరండీ" అన్నారు ప్రెసిడెంటు గారు. "మొన్నిచ్చిన పట్టీ మీదే. ఇవాళ తెచ్చిన పట్టీ మీదే. వరుస మారదన్న పుస్తకవూ మీదే. మూడిట్లో దేన్ని నమ్మమంటారండీ?"

పక్కనున్న రైతు అందుకున్నాడు. "ఆవిడ బస్సెక్కి మీ ఆఫీసుకొస్తే పేరు పైకెక్కిందాండీ? అయితే రేపు మేవూ వస్తావండీ. టీ ఇస్తారు కదా?"

అందరూ నవ్వారు. నేను లైబ్రరీ గురించి చెప్పబోయాను. సర్దే ముక్క, రెండు పద్ధతులు, పాత వాక్యం. ఎవరో ఎక్కడో రాసిన తప్పు వాక్యం వల్ల ఏడో తూములో పేర్లు తారుమారయ్యాయని చెబుతుంటే నా మాటలు నాకే సాకులా వినిపించాయి. పోస్ట్‌మన్ ఉత్తరాల పోలిక కూడా చెప్పాను. "మా పోస్ట్‌మన్ అసలు ఉత్తరాలే తేడండీ" అన్నాడా టీ రైతు.

అప్పటికి లస్కరు గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను లేచి పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు, తువ్వాలుతో ఒకసారి తుడిచాడు.

"నేను రోజూ కాలవ కింద చివర్నించి పైకి నడుస్తానండీ. ఇక్కడున్నోళ్ళందరూ చూసేరు. నడుస్తా నడుస్తా ఎవరి చేను ముందు తగిలితే వాళ్ళ పేరు ముందు రాసేనండీ. ఈవిడది చివర మురుగు కాలవ పక్కన చేను. నా నడక అక్కడే మొదలండీ."

"కింద నుంచి ఎందుకు?" అన్నాను. ఆ ప్రశ్న నేను మూడు నెలల ముందు అడగాల్సింది.

"నీళ్ళు పైనించి ఎలాగూ వస్తాయి కదండీ. మనిషి కూడా పైనించే వస్తే కిందోళ్ళకి అందిందో లేదో ఎవరు చూస్తారండీ? తూము తీసిన మొదట్లో కాలవ నిండుగా ఉంటది, అప్పుడు చివరి చేలు తడిపేయాలి. మొదట్లో ఉన్నోళ్ళు ఆఖర్న తడుపుకున్నా ఆళ్ళకి లోటు రాదండీ."

ఎవరూ కాదనలేదు. ఆయన నడక వాళ్ళందరికీ తెలుసు. ప్రెసిడెంటు గారు ఆ టీ రైతు వైపు చూశారు, అతను బొండాం పక్కన పెట్టి మీసం తుడుచుకున్నాడు. రేపు లస్కరు పుస్తకం ప్రకారమే తిప్పుకుందాం అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు మా యజమాని గారు చేతులు జోడించి, "మాట చాలండీ, మనలో మనకి కాగితాలెందుకండీ" అన్నారు. అందరూ ఆయ్ అన్నారు.

మర్నాడు ఆవిడ చేలోకి నీళ్ళు వెళ్ళాయి. టెస్టింగు ఆయన పొద్దున్నే వెళ్ళి గట్టు మీద నిలబడి చూసి నాకు ఫోన్ చేశాడు. నీళ్ళొచ్చే బోదె పక్క చేను సగం నిలబడింది. అవతలి సగం అప్పటికే నెర్రెలు పట్టింది, ఆ సగం కోతలకు తాలే వచ్చింది. తన కాళ్ళ మీద తాను నిలబడాలని వేసుకున్న పంటలో సగం. నేను ఫోన్‌లో సారీ చెప్పాను. "మీరేం చేస్తారండీ, ఎవరో రాసిందానికి" అంది.

ఆ మాట నాకు చాలా నచ్చింది. నచ్చకుండా ఉంటే బాగుండేది. ఎవరో రాసినదాని మీద యుద్ధానికి బయల్దేరాను. లైబ్రరీ చూసుకునేవాళ్ళకు రాశాను. మీ డాక్యుమెంటేషన్‌లో ఫలానా వాక్యం తప్పు, ఇదిగో పది లైన్ల పరీక్ష, ఇదిగో ఫలితం. మూడు వారాల తర్వాత ఒకాయన, మీరు వాడే వెర్షన్ ఏది అన్నాడు. చెప్పాను. కొత్త వెర్షన్‌లో చూడండి అన్నాడు. చూశాను, అలాగే ఉంది, రాశాను. ఇంకొకాయన వచ్చి ఇది తప్పు కాదు, కావాలనే అలా చేశాం అన్నాడు. కావాలనే చేస్తే ఆ సంగతి రాయండి బాబూ అన్నాను. ఇంకోడు, ఇది ఇంతకు ముందు వచ్చిన ఫిర్యాదే అని ఆ పాత ఫిర్యాదు చూపించాడు. వెళ్ళి చూస్తే అది పాత దూది తలగడలా ఉంది, ఎవరెవరో వచ్చి ఏదేదో కుక్కి వదిలేశారు. ఆ తర్వాత ఒక మరమనిషి, అంటే పాత ఫిర్యాదులు ఏరే ప్రోగ్రాము, వచ్చి, చాలాకాలంగా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఈ ఫిర్యాదు మూసేస్తున్నాం అంది. నేను తెరిపించాను. మళ్ళీ మూసింది. మళ్ళీ తెరిపించాను. మా ఆయన భోజనానికి పిలిచి పిలిచి, "ఆ మరమనిషికి కూడా కంచం పెట్టమంటావా" అనేవారు.

రెండేళ్ళు. ఒక్క వాక్యం కోసం రెండేళ్ళు. ఈలోగా నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, ప్రసంగాల్లో యజమాని గారు నా పట్టుదల గురించి చెప్పారు. ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక రోజు పొద్దున్న కబురొచ్చింది. వాక్యం మార్చారు. సమానమైన వాటి మధ్య వరుస మారవచ్చు అని ఉంది. నేను ఆ పేజీ అచ్చు తీయించి మా ఆయనకు చూపించి, టెస్టింగు ఆయనకు ఫోన్ చేశాను. అతను మనస్ఫూర్తిగా అభినందించాడు. రేపు ఆ నీటి సంఘంలో కొత్త ప్రింటరు పెట్టడానికి వెళ్తున్నానండీ, వస్తారా అన్నాడు. ఆవిడకు ఆ పేజీ చూపించాలని బయల్దేరాను. చిన్నతనం అనండి, ఏమైనా అనండి, చూపించాలనిపించింది.

మళ్ళీ దాళ్వా, మళ్ళీ వంతులు. సంఘం ఆఫీసులో అడుగు పెడుతుంటే ఆవిడ ఎదురొచ్చింది. పలకరించి కుర్చీ లాగి వేసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో లస్కరు గారి పుస్తకం మొదటి పేజీ జిరాక్సు, మడతల దగ్గర తెల్లబడిపోయి ఉంది.

"ఇదెందుకమ్మా ఇంకా? పట్టీలు ఇప్పుడు సరిగ్గానే వస్తున్నాయి కదా."

"వస్తన్నాయండీ. కాని ఆ మొదటి రెండు పట్టీలు దాచుకున్నేరండీ ఆ పై చేలోళ్ళు. అసలు వరస అదేనంట, తర్వాత ఈవిడ ఆఫీసుకెళ్ళి మార్పించుకుందంట. లస్కరు గారు మానేసేరు కదండీ ఇప్పుడు, కొత్తాయనకి తెలీదు. ప్రతి దాళ్వాకీ ఇది పట్టుకొచ్చి చూపించుకుంటానండీ."

"వాళ్ళ మాట ఎవరు నమ్ముతారమ్మా?"

ఆవిడ తల తిప్పి గోడ వైపు చూసింది. మేకుకి దారంతో నేను రాసిన పుస్తకం వేలాడుతోంది. చేతులు తగిలి తగిలి నల్లబడ్డ అట్ట. తీసి తెరిస్తే తొమ్మిదో పేజీ దానంతటదే తెరుచుకుంది. ఎట్టి పరిస్థితిలోనూ మారదు. కింద నా సంతకం.

నేను సంచిలోంచి ఆ ఇంగ్లీషు పేజీ తీశాను. దిద్దారమ్మా అన్నాను. ఆవిడ దాన్ని తీసుకుని మర్యాదగా చూసి, "దూరపోళ్ళు కదండీ, రెండేళ్ళు పట్టిందేవో" అంది. తర్వాత మేకుకి వేలాడే నా పుస్తకం వైపు చూసి, "ఇది దిద్దాలంటే ఎవరికి రాయాలండీ?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగా తెలియకే అడిగింది.

పెన్ను నా సంచిలోనే ఉంది. కొబ్బరి బొండాలు తాగిన ఆ రోజు కూడా ఉండే ఉంటుంది.